వెదురు నాటే చెయ్యి

సున్నపు గీత సరిగ్గా వెదురు పొద నడుమ నుంచి పోయింది.

సడక్ మేస్త్రి చిల్లుల డబ్బా చేత పట్టుకొని, కట్టిన తాడు వెంట సున్నం చల్లుకుంటూ గండయ్య పెరట్లోకి వచ్చి, పొద దగ్గర ఆగిపోయాడు. తాడు ముందుకు పోవడానికి సందు లేదు. ముప్పై ఏళ్ళ పొద అది. బావి నీళ్ళు పారే మూలన, ఇద్దరు మనుషులు చేతులు చాపినా కౌగిట్లోకి రానంత మందాన పెరిగింది. మేస్త్రి తాడు చివరను పొద మీదుగా అవతలికి విసిరాడు. చుట్టూ తిరిగి పోయి దాన్ని అందుకొని, మళ్ళీ గీత మొదలుపెట్టాడు.

శ్రీశైలం పోయే సడక్‌ను వెడల్పు చేస్తున్నారు. కల్వకుర్తి దాటి ఆరు మైళ్ళు పోతే సడక్ పక్కనే వచ్చే సాలెవాడలో ఎనిమిది ఇళ్ళ పెరళ్ళు ఇంతో అంతో పోతున్నాయి. గీత లోపల పడిన చెట్లకు మేస్త్రి వెంట వచ్చిన మనిషి తారుతో నెంబర్లు వేస్తున్నాడు. నెంబరు పడిన చెట్టుకు సర్కారు ఏదో ఒకటి ఇస్తుందని చెప్పుకుంటున్నారు. గండయ్య పెరట్లో వేపకు పదకొండు, సీతాఫలానికి పన్నెండు పడ్డాయి. వెదురుకు ఏమీ పడలేదు.

"దీనికెయ్యవా?" అని అడిగాడు గండయ్య.

"వెదురు చెట్టు కాదు తాతా. మా కాగితంల అది గడ్డి కింద లెక్క."

గండయ్య తలెత్తి, ఇంటి కప్పుకు మూడింతల ఎత్తున ఊగుతున్న బొంగుల కొసలు చూశాడు.

"గీ గడ్డి ఏ బర్రె మేస్తదో జర చూపియ్యి బిడ్డా."

మేస్త్రి నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. "బేస్తారం చెట్లు కొట్టుటానికి గొడ్డండ్లు వస్తయి. ఆ లోపల నీకేం గావాల్నో తీసుకో" అని చెప్పి, పక్కింటి పెరట్లోకి గోడ దాటాడు. అది సోమవారం.

సాలెవాడలో ఆ పొద ముట్టని మగ్గం లేదు. పడుగు పోగులు కలిసిపోకుండా నడుమ దూర్చే ఊసలు, వీధిలో పడుగు చాపి గంజి పట్టించేటప్పుడు ఆనించే కర్రలు, ఆడవాళ్ళు నూలు చుట్టే కండెలు అన్నీ ఆ బొంగులవే. ఎవరికి కావలసి వచ్చినా కత్తి పట్టుకొని పెరట్లోకి వచ్చి "ఒక్కటి" అనేవారు. ఏది ముదిరిందో, ఏది ఇంకా లేతదో గోటితో కొట్టి చెప్పడం గండయ్య పని.

మధ్యాహ్నం జానయ్య వచ్చాడు. నేతకారుల సంఘానికి అతను కార్యదర్శి. వరసకు గండయ్య తమ్ముడి కొడుకు. ముప్పై నిండలేదు గాని, సంచిలో కాగితాలు పెట్టుకొని తిరగడం మొదలైనప్పటి నుంచి పెద్దవాళ్ళలాగా గొంతు సవరించుకొని మాట్లాడతాడు.

"పొద పోతె పోయింది గని వంశం పోవద్దని అందరం అనుకున్నం, పెద్దబాపు. సంఘం షెడ్డు ఎనుక ఒర్రెగట్టున రెండు గడ్డలు పెడుదం. మిరుగు కార్తె గూడ వచ్చె. తీసుడు నీ పని. నీ అంత ఒడుపు ఎవ్వలకున్నది?"

"నాటుడు?"

"నాటుటానికి మారయ్య ఉన్నడు గద. గీ పొద నాటింది వాని నాయిననే గద. అచ్చొచ్చిన చెయ్యి."

గండయ్య మగ్గం గుంటలో నుంచి లేవలేదు. నాడెను ఒకసారి అటు నుంచి ఇటు విసిరి, పేకను దగ్గరికి గుద్దాడు.

"ఎవ్వలకు అచ్చొచ్చింది, జానిగా?"

జానయ్య కాగితాల సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

వెదురు నాటినవాడి మణికట్టంత లావు బొంగు ఆ పొదలో ఎప్పుడు లేస్తుందో, అప్పుడు వాడి పాడె లేస్తుందని సాలెవాడలో ఒక మాట. ఎవరు పుట్టించారో తెలియదు. నమ్ముతారా అని అడిగితే అందరూ నవ్వుతారు. నాటమంటే ఒక్కరూ ముందుకు రారు. వేళ్ళతో ఉన్న గడ్డను తవ్వి తీయడానికి, మోయడానికి, నీళ్ళు పోయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. గుంటలో గడ్డను దించి, దాని మీద తొలి మన్ను వేసే చెయ్యి మాత్రం వాడ బయటి నుంచి రావాలి. ముప్పై ఏళ్ళ కింద మారయ్య తండ్రి కురుమయ్య వచ్చాడు. నాటిన మూడో ఏడు చనిపోయాడు.

"నువ్వే నాటరాదు?" అన్నాడు గండయ్య.

"నా పెండ్లాం నీళ్ళు పోసుకున్నది, పెద్దబాపు. ఐదో నెల."

"మారయ్య పెండ్లాం గూడ పోసుకున్నది. నాలుగోసారి."

"వానికి కూలి మీద రెండు మానికల జొన్నలు ఎక్కువిస్తమన్నం" అన్నాడు జానయ్య గడప దాటుతూ. "సంతోషంగనే ఒప్పుకున్నడు."

మంగళవారం పొద్దు ఎక్కకముందే మారయ్య గడ్డపార భుజాన వేసుకొని వచ్చాడు. అప్పటికే గండయ్య పొద చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఉన్నాడు. ఎండిన పొరలు చేత్తో లాగి పారేస్తూ, వంగి మొదళ్ళు చూస్తున్నాడు.

"నడిమియి తవ్వుదమా కాకా? బలంగున్నయి."

"బలంగున్నయి గని ముసలియి. నిలబడుటానికే పనికొస్తయి, కొత్తయి పుట్టియ్యయి. గీ అంచుకున్నయి చూడు. పోయినేడు లేచినయి. వీటికే మొలకలేసే కండ్లు ఉంటయి."

అంచున ఉన్న బొంగుల మీద ఇంకా తెల్లని బూడిద పోలేదు. వేలితో రుద్దితే ఆకుపచ్చ బయటపడింది. గండయ్య పది బొంగులు రుద్ది, గోటితో కొట్టి, రెండింటిని ఎంచుకొని, నడుముకు దోపుకున్న ఎర్ర నూలు పోగు తీసి ఒక్కొక్క దానికి ముడి వేశాడు. పైన కొమ్మలున్నంత వరకు గాలికి గడ్డ ఊగుతుందని, ముందుగా ఆ బొంగులను నడుమెత్తున కోయించాడు. నాలుగో కణుపు దాటాక ఏటవాలుగా కోత. బొంగు లోపలి డొల్లలోకి ఎండ దిగకుండా పేడ, బంకమన్ను కలిపిన ముద్ద నింపి, బొటనవేలితో అద్ది మూత పెట్టాడు.

అప్పుడు తవ్వకం మొదలైంది. మారయ్య బయటి నుంచి తవ్వుతుంటే గండయ్య గొంతుక్కూర్చొని మన్ను తోడాడు. జానెడు లోతు దిగాక వేళ్ళు అల్లుకొని గడ్డపార దిగడం మానేసింది. వెదురు వేరు సన్నగా, నారలాగా ఉంటుంది. తెగదు. మారయ్య బలం పెట్టి ఒక్క పోటు పొడవబోతే గండయ్య గడ్డపార పట్టుకొని ఆపాడు.

"ఆగు ఆగు. కన్ను పోతది."

చేతి వేళ్ళతోనే మన్ను తీశాడు. మగ్గం మీద తెగిన పోగు ఎక్కడుందో వెతికినట్టు, చూపు ఎక్కడో పెట్టి చేతులతో తడిమాడు. గడ్డ పక్కన, కోడిపెట్ట ముక్కులాగా కొస తేలిన లేత మొలక తగిలింది. దాని మీద మళ్ళీ పిడికెడు తడి మన్ను అద్ది, "గీ దిక్కు రాకు" అన్నాడు.

మధ్యాహ్నం మారయ్య తల్లి ఈదమ్మ కొడుక్కు అంబలి తెచ్చింది. పెరట్లోకి రాలేదు. గోడకు అవతల సడక్ వైపు నిలబడి, ముంత గోడ మీద పెట్టింది. మారయ్య గోడ దగ్గరికి పోయి, కింద కూర్చొని తాగాడు. నీళ్ళకు దోసిలి పడితే గండయ్య చెంబు ఎత్తి పైనుంచి పోశాడు. ఎప్పుడూ పోసే ఎత్తు నుంచే.

ఈదమ్మ పొదను కింది నుంచి మీదికి చూసింది.

"మా ఇంటాయన పెట్టిననాడు గిది నా నడుమంత లేదు, గండన్నా."

"ఎర్కే, ఈదక్కా."

"నువ్వే వచ్చి పిలిచినవ్. ఇంటి ముంగట నిలబడి, కురుమన్నా, ఓ కురుమన్నా అని. గా పొద్దు మారిగాడు నా చంకల ఉండె."

గండయ్య చేతికున్న మన్నును రెండో చేత్తో రాల్చాడు.

"జ్వరమొచ్చి పోయిండు కురుమన్న. గా ఏడు ఊరంత జ్వరమే."

"జ్వరమే. నేనేమన్న వెదురన్ననా?" ఈదమ్మ కొంగు బిగించుకుంది. "పాడెకు బొంగు నువ్వే కొట్టిచ్చినవ్. తొలి లావు బొంగు. మంచి బొంగు అని అందరన్నరు. గది యాదికొచ్చిందంతే."

ఖాళీ ముంత తీసుకొని నాలుగడుగులు వేసి, మళ్ళీ తిరిగింది.

"గా రెండు మానికలు మంచి జొన్నలియ్యమను, అన్నా. గప్పుడు పుచ్చులిచ్చిండ్రు."

ఆమె పోయిన తరువాత గండయ్య గుంట అంచున కూర్చున్నాడు.

"మారిగా, నాటుడు నీ పని గాదు. తవ్వుడే నీది."

"గదేంది కాకా? నోటికాడి జొన్నలు గుంజుకుంటవా?"

"జొన్నలు నేనిస్త. తవ్వినందుకే ఇస్త. చెరిగి ఇస్త."

"నాటకుంటనే?"

"నాటకుంటనే."

మారయ్య గడ్డపార మీద రెండు చేతులు ఆనించి, వాటి మీద గడ్డం పెట్టి ఆలోచించాడు. "నాకేం భయం లేదు కాకా."

"నాకున్నది."

"మరెవ్వలు నాటాలె?"

"నేనే" అని గండయ్య మళ్ళీ మన్ను తోడసాగాడు.

ఇంట్లో గండయ్య భార్య వెంకటనర్సమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది. ఆమె కూర్చునే చోటు పెరటి గుమ్మం పక్కనే. ఎవరూ చెప్పకుండానే ఆమెకు అంతా తెలిసింది. సాయంత్రం గండయ్య కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చినా రాట్నం ఆపలేదు.

"వాన్ని తప్పించినవ్. మంచిగ జేసినవ్. జొన్నలిస్తనన్నవ్, ఇయ్యి. గడ్డల్ని గట్లనే ఎండనియ్యి."

"ఎండనిస్తె మగ్గాలు?"

"అంగట్ల మేదరోళ్ళు బొంగులమ్ముతలేరా? కొనుక్కుంటరు."

"అందరు కొనలేరు, నర్సమ్మా."

"అందరు కొనలేకుంటె అందరు నాటాలె. నువ్వే ఎందుకు?"

"ముసలోన్ని. నాటితె ముసలోడే నాటాలె. లావు బొంగు లేచేవరకు ఎట్లన్న నా పొద్దు గూకుతది."

"నువ్వు ముసలోనివైతె నేను కొత్త పెండ్లికూతురునా?"

గండయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. రాట్నం ఆపి, చెయ్యి ఇమ్మన్నట్టు అరచేయి చాచింది. ఏదో ముల్లు తీస్తుందేమోనని గండయ్య ఇచ్చాడు. వెంకటనర్సమ్మ అతని మణికట్టు చుట్టూ తన బొటనవేలు, నడిమి వేలు చుట్టింది. రెండు కొసలూ కలిశాయి. ఆ చేతిని ఆమె పట్టుకున్న తొలి రోజుల్లో నడుమ రెండు వేళ్ళంత ఎడం ఉండేది. ఇప్పుడు ఎముక మీద తోలు, తోలు మీద నూలు పోగు కోసిన గీతలు మిగిలాయి.

"మూడేండ్లు" అంది. "గింత బొంగుకు మూడేండ్లు సాలు."

"నువ్వు గా మాట నమ్ముతవా?"

"నమ్మ. నువ్వు నమ్ముతవా?"

"నమ్మ."

"మరి మారిగాన్ని ఎందుకు వద్దన్నవ్?"

గండయ్య చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. జవాబు దొరకని మగవాడు అనే మాటే అన్నాడు. "ఆడోళ్ళకెందుకు గీ ముచ్చట్లు? ఆడోళ్ళు వెదురు నాటరు."

వెంకటనర్సమ్మ రొట్టె వేడిగా వేసింది, తొక్కు పక్కన పెట్టింది, సల్ల పోసింది. ఇంకొక్క మాట మాట్లాడలేదు. కోపం వస్తే ఆమె మాట్లాడుతుంది. ఆమెకు పిల్లలు లేరని మొగుడికి ఇంకో పెళ్ళి చెయ్యాలని అత్త అన్ననాడు వాడంతా వినేటట్టు మాట్లాడింది. ఏదైనా మనసులో పెట్టుకున్నప్పుడే ఆమె మాట్లాడదు. నలభై ఏళ్ళ కాపురంలో గండయ్యకు ఆ తేడా తెలుసు. తెలిసి కూడా ఆ పూట అలసి ఉండి, కోపమే అనుకున్నాడు.

బుధవారం గడ్డలు బయటికి వచ్చాయి. తల్లి పొదను, పిల్ల గడ్డను కలిపే మెడ ఒకటి ఉంటుంది, మోకాటి చిప్పంత లావు, రాయంత గట్టి. దాన్ని గొడ్డలితో కొడితే పగులు గడ్డలోకి పాకుతుంది. అందుకని గండయ్య పక్కవీధి వడ్రంగి ఇంటి నుంచి రంపం తెచ్చాడు. మారయ్య గుంటలో పక్కకు ఒరిగి పడుకొని కోశాడు. గుంట మన్నులో తెల్లని పొట్టు రాలింది. మెడ తెగినప్పుడు చప్పుడేమీ కాలేదు. నడుమెత్తు బొంగు మాత్రం కొంచెం పక్కకు వాలింది. ఎన్ని చేతులు పట్టుకొని లాగినా రాని గడ్డ అప్పుడు మారయ్య ఒక్కడి చేతుల్లోకి వచ్చింది.

గండయ్య దాన్ని పొత్తిళ్ళలో బిడ్డను చూసినట్టు తిప్పి చూశాడు. మూడు కండ్లు ఉన్నాయి. ఒకటీ దెబ్బ తినలేదు. రెండో గడ్డకు రెండే ఉన్నాయి. "సాలు" అన్నాడు. తడి గోనె చుట్టి, నూలు తాడుతో కట్టి, కావడికి చెరో దిక్కు వేశారు. మారయ్య కావడి మోస్తుంటే, గండయ్య నీళ్ళ కుండ పట్టుకొని వెనక నడిచాడు. చిన్న వాగు పారే ఆ ఒర్రెగట్టు సంఘం షెడ్డుకు వెనక. మిరుగు తొలి వాన మొన్ననే పడి, గట్టు మన్ను పార దిగేటట్టు మెత్తబడి ఉంది. రెండు గుంటలు మోకాలి లోతున తవ్వి, అడుగున చివికిన పెంట పరిచారు. గడ్డలను కానుగచెట్టు నీడకు చేర్చారు.

"పొద్దుగాల తానం జేసి వస్త" అన్నాడు గండయ్య.

అంతలో జానయ్య గట్టు మీదికి వచ్చాడు. విషయం అతని చెవిన పడింది.

"గదేంది పెద్దబాపు, నువ్వు నాటుడేంది? వాడోళ్ళు మమ్ములనేమంటరు? ముసలాయన్ని ముందు పెట్టి మేమంత ఎనుక దాక్కున్నట్టు గాదా?"

"గట్లనే ఉన్నది గద మరి."

జానయ్య చెవులు ఎర్రబడ్డాయి. మారయ్య పక్కకు తిరిగి, పార కడుగుతున్నట్టు ఒర్రె వైపు వంగాడు. నవ్వు దాచుకోవడానికి అతనికి అంతకంటే మంచి చోటు దొరకలేదు.

జానయ్య ఆ మాట వదిలేసి అసలు వచ్చిన పని చెప్పాడు. కల్వకుర్తికి నూలు వచ్చిందట. పొద్దున్నే పోయి చూసి తీసుకోకపోతే పక్క ఊరి సంఘం వాళ్ళు మంచిది ఏరుకొని పోతారు. నూలు వేలితో మెలిపెట్టి ఏది నిలుస్తుందో చెప్పడానికి గండయ్య రావాలి.

"నువ్వు పో" అంది వెంకటనర్సమ్మ ఇంటికి వచ్చాక. మంగళవారం సాయంత్రం నుంచి ఆమె అన్న మొదటి మాట అదే. "గడ్డలకు ఒక్క పూటల ఏం గాదు. గోనెలు నేను తడుపుత."

గండయ్య సంతోషపడ్డాడు. కోపం దిగిందనుకున్నాడు.

బేస్తవారం మొదటి బస్సుకు జానయ్యతో పోతూ, తోవలో ఎదురైన మారయ్యను నిలబెట్టి మరీ చెప్పాడు. "నేనొచ్చేదాక గా గడ్డల్ని నువ్వు ముట్టొద్దు. ఎవ్వలు రమ్మన్నా, ఏమిస్తనన్నా."

"ముట్ట కాకా."

కల్వకుర్తిలో నూలు గోదాము ముందు అప్పటికే మంది ఉన్నారు. గండయ్య ఒక్కొక్క నూలు చిలప నుంచి ఒక పోగు లాగి, వేళ్ళ నడుమ మెలిపెట్టి, చెవి దగ్గర తెంపి చూశాడు. మంచి పోగు తెగేటప్పుడు గట్టిగా పలుకుతుంది. ఆ రోజు అతనికి రెండు మూడుసార్లు ఏమీ వినిపించక మళ్ళీ తెంపవలసి వచ్చింది. "పానం మంచిగ లేదా పెద్దబాపు?" అని జానయ్య అడిగాడు. "ఎండ" అన్నాడు గండయ్య. మబ్బు పట్టి ఉంది.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి సడక్ వెంట గొడ్డళ్ళ చప్పుడు వినబడుతోంది. నెంబర్లు పడిన చెట్లు ఒకటొకటే ఒరిగి ఉన్నాయి. గండయ్య పెరట్లో పొద సగం నేలకు పడి, మిగిలిన సగం ఇంకా గాలికి ఊగుతోంది. నూలు మూటలు దించుకోవడానికి జానయ్యను వదిలి, గండయ్య ఇంట్లోకి తొంగి చూశాడు. రాట్నం ఖాళీగా ఉంది. చుట్టిన కండెల గంప నిండుగా ఉంది. రెండు రోజుల పని పొద్దున్నే ముగించి ఎవరో తొందరగా లేచిపోయినట్టుంది.

అప్పుడు అతనికి తెలిసింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఒర్రెగట్టు వైపు నడిచాడు.

కానుగ నీడలో మారయ్య కూర్చొని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ నడుమ ఇరికించుకున్నాడు, బడిలో పంతులు కూర్చోబెట్టినవాడిలాగా.

"నేను ముట్టలే కాకా. నర్సమ్మవ్వ ముట్టనియ్యలే. పార ఇయ్యుమంటె ఇచ్చి గీడ కూసున్న. లేస్తె కాళ్ళిరగ్గొడత అన్నది."

గట్టు మీద వెంకటనర్సమ్మ నేలన కూర్చొని ఉంది. గాజులు మోచేతుల దాకా తోసి ఉన్నాయి, వాటి కిందంతా మన్ను. ఆమె ముందున్న గుంట పూడి ఉంది. దాని నడుమ నుంచి నాలుగు కణుపుల బొంగు నిటారుగా లేచి ఉంది. చుట్టూ అదిమిన మన్నులో పది వేళ్ళ గుర్తులు పడి, వాటిలో నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి.

గండయ్య గుంట దాకా వచ్చి ఆగాడు.

"ఎందుకు జేసినవ్?"

"చేసిన."

"పీకి మల్ల నేను పెడ్త."

"పీకితె బతుకుతదా? నువ్వే చెప్పు. నాకంటె నీకే ఎర్క."

బతకదు. గండయ్య ఆమె ఎదురుగా నిలబడి అటూ ఇటూ చూశాడు. అప్పుడు గమనించాడు. రెండో గుంట ఖాళీగానే ఉంది. రెండో గడ్డ తడి గోనెలో, గుంట అంచున, పక్కకు పెట్టి ఉంది. గోనె మీద ఇప్పుడే చల్లిన నీళ్ళు.

"గది?"

"గది నీది."

వెంకటనర్సమ్మ వేళ్ళ సందుల్లో ఎండుతున్న మన్నును రాలుస్తూ, అతని వైపు చూడకుండా చెప్పింది.

"పొద్దుగాల రెండు నేనే పెడుదమని వచ్చిన. ముందుగాల నేనే పోత, నీకేం గాదు అనుకున్న. ఒకటి పెట్టినంక గీడ కూసుని నీ గురించి ఆలోచన జేసిన. నేను బోతె నీకు ఉప్పు గురిగి యాడున్నదో తెల్వదు. గట్క కలుపుమంటె గడ్డలు గట్టిస్తవ్. నాలుగు దినాలు జానయ్య పెండ్లాం తెచ్చి పెడ్తది, అయిదోనాడు యాది మరుస్తది. నువ్వు అడగవు. మగ్గం మీద గట్లనే కూసుంటవ్." ఆమె ఆగింది. "సరే, నువ్వే పెట్టుమందమంటె, నువ్వు పోతె నేనెవ్వలకు కండెలు చుట్టాలె? ఎవ్వలొక్కరు రెండు పెట్టినా, ఒక్కరు మిగుల్తరు. గందుకె ఆపిన. నాది పెట్టిన. నీది నువ్వు పెట్టుకో."

గండయ్య పంచె పైకి దోపి, గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోనె విప్పాడు. గడ్డను రెండు చేతులా గుంటలోకి దించి, కండ్లున్న వైపు ఒర్రె దిక్కు తిప్పాడు. మన్ను కోసం ఒక చెయ్యి తీస్తే బొంగు వాలిపోయింది. వెంకటనర్సమ్మ పాకుతూ వచ్చి, మొదలు పట్టుకొని నిటారుగా నిలబెట్టింది.

"ఇగ వెయ్యి" అంది.

అతను దోసెడు మన్ను తీసుకున్నాడు. ఒకసారి ఆమె ముఖం చూశాడు. ఆమె బొంగు సరిగ్గా నిలిచిందా లేదా అని ఒక కన్ను మూసి చూస్తోంది. దోసెడు మన్నూ గడ్డ మీద వేశాడు. ఆ తరువాత ఇంకో దోసెడు. తరువాత ఇద్దరూ ఒకరి వైపు ఒకరు మన్ను తోస్తూ గుంట పూడ్చి, అరచేతులతో అదిమారు. ఆమె కుండెడు నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకేదాకా ఇద్దరూ అక్కడే మోకాళ్ళ మీద ఉండి చూశారు.

"కొంచం వంకర పెట్టినవ్" అంది.

"నీది సక్కగున్నదా?"

"నాది నీ దాని కంటె సక్కగున్నది."

గండయ్య లేవబోయాడు. మోకాలు పట్టేసింది. నేల మీద చెయ్యి ఆనిస్తే తడి మన్నులో అరచేయి జారింది. లేపుదామని వెంకటనర్సమ్మ ఒక కాలు ముందుకు పెట్టి, నడుము పట్టుకొని అట్లాగే ఆగిపోయింది. ఇద్దరూ సగం లేచి, సగం కూర్చొని, ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వితే ఉన్న బలం కూడా పోయింది.

"మారిగా" అని పిలిచాడు గండయ్య. "జర రా బిడ్డా."

మారయ్య కానుగ నీడ నుంచి ఒక్క ఉరుకున వచ్చాడు. దగ్గరికి వచ్చినవాడు రెండడుగుల దూరంలో ఆగాడు. ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఆ పెరట్లో తవ్వాడు, మోశాడు, కోశాడు. దోసిలిలోకి నీళ్ళు పైనుంచే పడ్డాయి, కూలి జొన్నలు కొంగులోకి పైనుంచే పడ్డాయి. రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. వాటికి మన్ను లేదు. మళ్ళీ తుడుచుకున్నాడు. గడ్డపార తెచ్చి అందిద్దామా అన్నట్టు వెనక్కి చూశాడు.

"ఏం జూస్తున్నవ్?" అంది వెంకటనర్సమ్మ, బురద చెయ్యి అతని ముందుకు చాచి. "గుంజు."

మారయ్య కాళ్ళు ఎడంగా పెట్టి, గట్టు మీద మడమలు దిగేసి నిలబడ్డాడు. ఒక చెయ్యి ఆమెకిచ్చాడు, ఇంకో చెయ్యి గండయ్యకిచ్చాడు. వాళ్ళిద్దరి వేళ్ళు తన మణికట్ల చుట్టూ బిగిసేదాకా ఆగి, మెల్లగా వెనక్కి వాలి, ఇద్దరినీ ఒక్కసారే లేపాడు.